థింసా చూడవచ్చినవారు

థింసా అరకు లోయలోనూ, చుట్టుపక్కల కొండల్లోనూ ఆదివాసులు ఆడే సామూహిక నృత్యం. అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాలంతా దీని సొంత నేల. సరిహద్దు దాటి ఒడిశాలోని కోరాపుట్ జిల్లాకు వెళ్లినా ఇదే ఆట, దాదాపు ఇవే వాద్యాలు. పోర్జ, గదబ, కోటియా, బగత, వాల్మీకి, కొండదొర, కోందు తెగలవాళ్లు ఇంట్లో ఎవరి మాట వాళ్లు మాట్లాడుకున్నా, సంతలోనూ థింసా పాటలోనూ ఎక్కువగా కలుసుకునేది ఆదివాసీ ఒడియాలో. అందుకని ఇది ఫలానా తెగ నృత్యమని చెప్పడానికి వీల్లేదు. ఆ కొండలన్నిటికీ ఉమ్మడి ఆస్తి.

ఈ ఆటకు మొదట్లో ప్రేక్షకులంటూ వేరుగా లేరు. ఊళ్లో ఆడవాళ్లు వరుస కడతారు, మగవాళ్లు వాయిస్తారు. పక్కన నిలబడి చూస్తున్నవాళ్లు కాసేపటికి వరుసలో చేరబోయేవాళ్లే. గత వందేళ్లలో రోడ్డు, రైలు, వేదిక, సినిమా, సెల్‌ఫోన్ ఒకదాని వెనక ఒకటి వచ్చి థింసాకు బయటి చూపరులను తెచ్చిపెట్టాయి. వాళ్ల కోసం ఆట ఎక్కడ మారింది, ఎక్కడ మారకుండా నిలబడింది అన్నది తెలుసుకోవాలంటే ముందు ఊళ్లో అది ఎలా ఆడతారో చూడాలి.

పదిహేను ఇరవైమంది ఆడవాళ్లు భుజాలు ఆనించుకుని నిలబడతారు. ఒక్కొక్కరూ పక్కామె వీపు వెనకనుంచి చేయి చాచి, ఆమెను దాటి అవతలామె చేతిని పట్టుకుంటారు. పట్టు ఇలా అల్లుకుపోవడం వల్ల ఒకరి అడుగు తడబడితే ఆ కుదుపు వరుసంతటికీ తెలుస్తుంది. ముసలమ్మ పక్కన పదేళ్ల పిల్ల నిలబడినా ఫరవాలేదు, పట్టే ఆమెకు అడుగు నేర్పుతుంది. థింసా నేర్పడానికి ఊళ్లో వేరే గురువు అక్కర్లేకపోవడానికి కారణం ఇదే. చీరను భుజం మీద ముడివేసి పొట్టిగా కడతారు. మెడలో కంటెలు, ముక్కుకు పోగులు, కాళ్లకు అందెలు, పక్కకు వేసిన కొప్పులో పూలు. డప్పు, తుడుము, కిరిడి మోగుతుంటే మోరి ఊదుతారు, జోడుకొమ్ములు పూరిస్తారు. వాద్యం మగవాళ్ల పని. ఆడవాళ్ల అడుగుల వేగం ఎక్కడ పెరగాలో, ఎక్కడ తగ్గాలో డప్పు దరువే చెబుతుంది.

థింసాలో ఎనిమిది రకాలు చెబుతారు. బోడ థింసా గ్రామదేవత పేరిట ఆడేది. కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు బారులు తీరతారు. కుడి బారులో మొదటివాడు నెమలి ఈకల కట్ట పట్టుకుని ముందుకు నడుస్తాడు, ఎడమ బారులో చివరి మనిషి అతనితో కలుస్తుంది. ఆ తర్వాత బారులు రెండూ మెలికలు తిరిగి వలయమవుతాయి. గుండేరి థింసాలో మగవాడు పాట పాడి ఆడవాళ్లను ఆటకు పిలుస్తాడు. గొడ్డి బేట థింసాలో నడుము బాగా వంచి, లేస్తూ వంగుతూ, పాతిక అడుగుల మేర ముందుకు వెళ్లి వెనక్కి వస్తారు. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. పొతర్ తోలా అడవిలో ఆకులు కోసే పనిని చూపిస్తుంది. ఒక వరుస వెనక ఇంకో వరుస నిలబడి, చేతులు పట్టుకుని ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తారు. ఆకులు కోసి విస్తళ్లు కుట్టే ఊళ్లలో ఆ అభినయానికి వివరణ ఎవరికీ అవసరం లేదు.

బాగ్ థింసా పులి మీదపడినప్పటి కథ. సగంమంది చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి, మునివేళ్ల మీద బరువు వేసి వంగుతూ లేస్తారు. మిగతావాళ్లు ఆ వలయంలోకి చొరబడి పాములా మెలికలు తిరుగుతారు. కుందా థింసాలో భుజాలతో ఒకరినొకరు తోసుకుంటారు. బాయా థింసా ఊరి గణాచారికి దేవత పూనినప్పటి ఆట. అతని వెనక ఊరంతా తల వంచుకుని అడుగు వేస్తుంది. నాటికారి థింసా ఒక్కరే ఆడేది. దీపావళికి వాల్మీకులు దీన్ని ప్రత్యేకంగా ఆడతారు. ఈ ఎనిమిదింటిలో ఇదొక్కటి పక్కనపెడితే మిగతా ఏడూ గుంపుతోనే పుట్టి గుంపుతోనే ముగిసేవి.

పెళ్లిళ్లకూ పండగలకూ థింసా ఉంటుంది గానీ దాని అసలు కాలం చైత్రం. ఆ నెలలో వచ్చే ఇటుకల పండగకు విత్తనాలను పూజిస్తారు, మగవాళ్లు వేటకు అడవిలోకి వెళతారు. వాళ్లు తిరిగి వచ్చేదాకా ఆడవాళ్లు ఊళ్లో ఆడుతూ పాడుతూ ఉంటారు. వట్టి చేతులతో వచ్చినవాడికి ఎగతాళి తప్పదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవి జంతువును కొట్టడం నేరమైంది. పండగలో వేటకున్న చోటు కుంచించుకుపోయింది, ఆట మాత్రం సాగుతూనే ఉంది.

ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి వెళ్లి థింసా ఆడటం పాత ఆచారం. ఆట అయ్యాక రెండు ఊళ్లూ కలిసి భోజనం చేస్తాయి. ఆటనూ విందునూ కలిపి సంకిడి కేల్బార్ అంటారు. ఊళ్ల మధ్య చుట్టరికాలు కలవడానికి, పాత తగాదాలు చల్లారడానికి ఇది దారి. ఆ మాటకొస్తే థింసాకు తొలి చూపరులు ఇలా వచ్చిన పొరుగూరివాళ్లే. అయితే వచ్చినవాళ్లకూ అడుగు వచ్చు, పాట వచ్చు. ఆతిథ్యం ఇచ్చిన ఊరివాళ్లు ఎలా ఆడుతున్నారో పట్టిపట్టి చూసే కళ్లు వాళ్లవి. తర్వాతి కాలంలో మైదానం నుంచి వచ్చిన ఏ ప్రేక్షకుడికీ లేని అర్హత అది.

మైదానం నుంచి వచ్చి చూసినవాళ్లు చాలాకాలం పాటు బహు తక్కువ. 1839 చట్టంతో బ్రిటిష్ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు పాలన నుంచి తప్పించి ఏజెన్సీగా విడదీసింది. దారులు లేవు. మన్యం జ్వరమంటే మైదానంలో హడల్. చింతపండు, పసుపు, అడవి సరుకు కొనడానికి ఎక్కిన వర్తకులు, సారా అమ్మే సోండీలు, ప్రభుత్వ ఉద్యోగులు తప్ప పనిగట్టుకుని వచ్చేవాళ్లు లేరు. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1907లో వెలువరించిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు, ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం ఈ కొండల తెగల వేషభాషలనూ ఆటపాటలనూ నమోదు చేశాయి. గదబ స్త్రీలు కెరంగ్ నారతో నేసుకునే చారల బట్ట, చెవులకు పెట్టుకునే పెద్ద ఇత్తడి తీగ చుట్లు ఆ కాలపు ఆంగ్లేయుల రాతల్లో పదేపదే కనిపిస్తాయి. ఆట గురించిన వాళ్ల రాతలు విలువైనవే. కానీ వాటిలో కంటికి ఆనిన వేషానికి దక్కిన చోటు, ఎవరు ఎవరి కోసం ఎప్పుడు ఆడతారన్న సంగతికి దక్కలేదు. బయటి ప్రేక్షకుడి చూపులో ఈ లోపం ఆ తర్వాత కూడా పోలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం సంస్థానం ఉన్న కొండలు కోరాపుట్ జిల్లాగా విశాఖపట్నం నుంచి విడిపోయాయి. అరకు, పాడేరు మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి. గీత ఆటకు అడ్డంగా పడింది. సంతలూ పెళ్లి సంబంధాలూ గీత దాటుతూనే ఉన్నా, రెండు ప్రభుత్వాలు, రెండు పాఠశాల భాషలు, తర్వాతి రోజుల్లో రెండు సాంస్కృతిక శాఖలు ఒకే నృత్యాన్ని రెండు రాష్ట్రాల నృత్యంగా చూపించసాగాయి. ఢిల్లీ కవాతులోనో ఉత్సవంలోనో థింసా ఒకసారి ఆంధ్ర పేరు మీద, ఇంకోసారి ఒడిశా పేరు మీద కనిపించడానికి మూలం ఈ విభజనే.

దారి తెరుచుకున్నది రైలుతో. బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడినుంచి జపాన్‌కు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ మార్గం వేశారు. తూర్పు కనుమలను తొలుచుకుంటూ 58 సొరంగాల గుండా సాగే ఈ దారిలో శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదిగా చాలాకాలం దానికి పేరు. ఖనిజం కోసం వేసిన పట్టాల మీదే ప్రయాణికుల బండి కూడా నడిచింది. పొద్దున్నే విశాఖలో ఎక్కితే మధ్యాహ్నానికల్లా అరకులో దిగొచ్చు. శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ రోడ్డు బాగుపడ్డాక బస్సులూ వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి పెట్టిన పద్మాపురం తోట విహారస్థలమైంది. బొర్రా గుహలు, కాఫీ తోటలు, చాపరాయి జలపాతంతో పాటు చూడదగిన వాటి జాబితాలోకి థింసా కూడా చేరింది.

ఇటుకల పండగ రోజుల్లో ఈ దారుల మీద ప్రయాణించినవాళ్లకు ఒక అనుభవం తప్పదు. ఊరి ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్రో తాడో పెట్టి వాహనం ఆపుతారు. పాట అందుకుని నాలుగు అడుగులు వేసి పండగ డబ్బు అడుగుతారు. మైదానం మనిషికి టికెట్టు లేకుండా, వేదిక లేకుండా, వాళ్ల కాలంలో వాళ్లు ఆడే థింసా ఎదురయ్యేది ఇక్కడే. విసుక్కునేవాళ్లూ ఉంటారు. కారు దిగి నిలబడి చూడటం ఎంతో మేలు.

మైదానంలో నృత్యం చూసే అలవాటు వేరు. వీధి భాగవతమైనా కూచిపూడి అయినా పాత్ర ముందుకు వచ్చి జనానికి ఎదురుగా నిలబడి తానెవరో చెప్పుకుంటుంది. ఆడేవాళ్లకు ముందువైపు, వెనకవైపు అనే తేడా ఉంటుంది. వలయానికి ఆ తేడా లేదు. ఆడేవాళ్ల ముఖాలు ఒకరివైపు ఒకరికి, వీపులు బయటికి. అలాంటి ఆటను వేదికెక్కించడం ప్రపంచమంతటా ఎదురైన చిక్కే. మాస్కోలో ఇగోర్ మొయిసేయెవ్ 1937లో జానపద నృత్య బృందం పెట్టి, పల్లె ఆటలను బ్యాలే శిక్షణ పొందినవాళ్లతో రంగస్థలానికి మలిచాడు. భారతదేశంలో 1950లలో రిపబ్లిక్ దినోత్సవానికి ఢిల్లీలో జానపద నృత్యోత్సవాలు మొదలయ్యాయి, 1953లో సంగీత నాటక అకాడమీ ప్రారంభమైంది. ఇక్కడ వృత్తి నర్తకులు కాక, పల్లెవాళ్లే వచ్చి ఆడారు. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ నృత్యం 1981లో కనక రాజు నాయకత్వంలో ఢిల్లీ రిపబ్లిక్ వేడుకలకు వెళ్లింది. ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చింది. గుస్సాడీలో నెమలి ఈకల తలపాగా, గోదావరి ఏజెన్సీ కోయల కొమ్ము నృత్యంలో తలమీది అడవిదున్న కొమ్ములు ఎంత దూరం నుంచైనా కళ్లకు కడతాయి. థింసాకు అలాంటి ఆర్భాటం లేదు. దాని బలమంతా నడుము వెనక పట్టులో, పాదాల వరుసలో ఉంది. అవి దగ్గరగా చూస్తేనే తెలుస్తాయి.

వేదిక కోసం వలయాన్ని తెరిచి అర్ధచంద్రంగా నిలబెట్టారు. రాత్రంతా సాగేది పది నిమిషాలకు కుదించారు. నాలుగైదు రకాలను ఒకదాని వెంట ఒకటి కలిపి ఒకే అంశంగా చేశారు. అందరికీ ఒకే రంగు చీర వచ్చింది, వాద్యగాళ్లు ఒక పక్కకు సర్దుకున్నారు. కథ ఉంది గనుక బాగ్ థింసా వేదిక మీద సులువుగా ఒదుగుతుంది. బాయా థింసా అలా కాదు. పూనకం ఒక సమయానికి రమ్మంటే రాదు. వస్తే పది నిమిషాల్లో పొమ్మన్నా పోదు. వేదిక మీద దాని రూపమే కనిపిస్తుంది. ఈ మార్పులన్నిటినీ చెడగొట్టడమని కొట్టిపారేయడం న్యాయం కాదు. వేదిక వల్ల కొండపిల్లలు రాజధానులు చూశారు, తమ ఆటకు గౌరవం ఉందని తెలుసుకున్నారు. ఆశ్రమ పాఠశాలల వార్షికోత్సవాల్లో థింసా తప్పనిసరి అయింది. మైదానంలోని కాలేజీల్లోనూ ఆడుతున్నారు. అయితే అక్కడ నేర్పేటప్పుడు ముందుగా జారిపోయేది ఆ చేతిపట్టు. పిల్లలు పక్కవాళ్ల చేయి మాత్రమే పట్టుకుంటారు. దాంతో వరుస బిగువు పోయి, ఎవరి అడుగు వాళ్లదవుతుంది.

1996లో అరకులో గిరిజన మ్యూజియం తెరిచారు. పర్యాటక సంస్థ రైలులో తీసుకొచ్చి బస్సులో తిప్పి పంపే ప్యాకేజీలో బొర్రా, పద్మాపురం, మ్యూజియంతో పాటు థింసా ప్రదర్శన ఒక భాగమైంది. రిసార్టుల్లో చలిమంట చుట్టూ సాయంకాలపు ఆట మొదలైంది. ఇక్కడ వేదిక మీద జరగని ఒక సంగతి జరిగింది. ఆడుతున్నవాళ్లు చూస్తున్నవాళ్లను చేయి పట్టుకుని వరుసలోకి లాగారు. కూచిపూడి ప్రదర్శనలో ప్రేక్షకుడు లేచి ఆడటం ఊహించలేం. థింసాలో అది సహజం. ఊరివాళ్ల దృష్టిలో చూస్తూ నిలబడటం ఆటలో చేరడానికి ముందు దశ మాత్రమే. బయటివాడు ఫొటో కోసం చేరినా, రెండు చుట్లు తిరిగేసరికి పక్కామె పట్టు వల్ల అడుగు కొంతైనా దారికొస్తుంది. పర్యటనకు వచ్చిన నాయకులు థింసా వరుసలో కాలు కదపడం కూడా ఇలాగే మామూలైపోయింది.

పర్యాటకం వల్ల ఎక్కువగా మారింది కాలం. మైదానం జనం అరకుకు వచ్చేది కార్తికం నుంచి సంక్రాంతి దాకా. పొలాల నిండా వలిసె పూలు పసుపు పరిచినప్పుడు, పొద్దున్నే మంచు దట్టంగా దిగినప్పుడు. 2017 ఏప్రిల్‌లో విశాఖ–అరకు రైలుకు అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలించాక ఆ రద్దీ ఇంకా పెరిగింది. 2025 జనవరి చివర్లో ప్రభుత్వం చలి ఉత్సవమే జరిపింది. థింసా సొంత కాలమైన చైత్రానికి మాత్రం లోయలో పర్యాటకులు పలచబడతారు. అందుచేత థింసా చూశామనే వేలాదిమందిలో ఇటుకల పండగ థింసా చూసినవాళ్లు కొద్దిమందే. కొండవాళ్లకు ఇందులో ఒక సౌకర్యం కూడా ఉంది. శీతకాలపు ఆట కూలికి, చైత్రపు ఆట తమకు. రెండూ కలిసిపోకుండా ఏడాది వాటిని విడదీసి ఉంచింది.

తెర మీద థింసా కథ ఇంకో రకంగా నడిచింది. తెలుగు సినిమాకు ఈ కొండలు చాలాకాలంగా తెలుసు. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ చింతపల్లి అడవుల్లో తీశారు. ఈమధ్య ‘పుష్ప’కు మారేడుమిల్లి అడవి నేపథ్యమైంది. కానీ కొండజాతి పాట అనగానే సినిమా చూపించింది చాలావరకు ఈకల కిరీటాలు, ఆకుల లంగాలు, చేతిలో బల్లేలు. ఆ వేషం ఏ తెగదీ కాదు. కొండలు నిజమైనవే అయినా వాటి ముందు ఆడినది స్టూడియో నృత్యం. తరాల తరబడి తెలుగు ప్రేక్షకుడు ఆదివాసీ ఆట అంటే అదేననుకున్నాడు. అరకులో దిగి అసలు థింసా చూసినప్పుడు అది నెమ్మదిగా ఉందనీ, వేషం సాదాగా ఉందనీ నిరాశపడేవాళ్లు ఇప్పటికీ ఉండటానికి సినిమా చేసిన అలవాటు ఒక కారణం.

నిజమైన థింసాను కెమెరాతో పట్టడం తేలికేమీ కాదు. ఐరోపా బ్యాలే రంగస్థలానికి ఎదురుగా కూర్చున్నవాళ్ల కోసం తీర్చిదిద్దిన కళ. 2010 నుంచి 2022 దాకా మాస్కో బొల్షోయ్ బ్యాలేలను దూరదేశాల సినిమా హాళ్లలో ప్రత్యక్షంగా చూపించారు. అక్కడ కెమెరాకు ఎక్కడ నిలబడాలో ముందే తెలుసు. హాల్లో అన్నిటికంటే మంచి సీటు దాని చోటు. థింసాలో మంచి సీటంటూ లేదు. బయట నిలబడితే వీపులు కనిపిస్తాయి, లోపల నిలబడితే ఒకవైపే కనిపిస్తుంది. పాదాలకు దగ్గరగా పెడితే వలయం పోతుంది. డ్రోన్లు వచ్చాక పైనుంచి తీసిన దృశ్యాల్లో బోడ థింసా మెలికలు, బాగ్ థింసాలో వలయంలోకి దూరే పాము నడక మొదటిసారి పూర్తిగా కనిపించాయి. ఊళ్లో తరతరాలుగా ఆడినవాళ్లకూ ఆ ఆకారం ఒంటికి తెలుసు గానీ కంటికి తెలియదు. ఈ విషయంలో తెర ఇచ్చింది నిజమైన కానుకే. అందెలు నేలను తాకే చప్పుడు, పక్కామె భుజం బరువు మాత్రం ఏ తెరా ఇవ్వలేదు.

సెల్‌ఫోన్ వచ్చాక చూపరి మళ్లీ మారాడు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే ఊళ్లు ఇంకా ఉన్నా, అరకు, పాడేరు ప్రాంతాల కుర్రకారు తమ పాటలు తామే కట్టి, తామే ఆడి, తామే చిత్రీకరించి యూట్యూబ్‌లో పెడుతున్నారు. మోరి పక్కన కీబోర్డు, డప్పు పక్కన రిథమ్ ప్యాడ్ చేరాయి. పాట నాలుగైదు నిమిషాలు. ప్రేమకథ, కథానాయిక, కథానాయకుడు ఉంటారు. వెనక వరుసలో థింసా అడుగు ఉంటుంది. పాతవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. కానీ ఈ వీడియోలు చూసేవాళ్లలో పర్యాటకులు తక్కువ. విశాఖలో భవన నిర్మాణ పనుల్లో, హైదరాబాద్‌లో సెక్యూరిటీ ఉద్యోగాల్లో, హాస్టళ్లలో చదువుల్లో ఉన్న కొండపిల్లలే ఎక్కువ. పండగకు సెలవు దొరకనివాళ్లు ఊళ్లో ఆటను ఫోన్‌లో వీడియో కాల్‌లో చూస్తారు. సంకిడి కేల్బార్‌కు వచ్చిన పొరుగూరివాళ్లకు తెలిసినట్టే ఇక్కడ చూసేవాళ్లకూ అడుగు తెలుసు. తప్పు అడుగు వేస్తే వీడియో కింద తమ మాటలోనే మందలిస్తారు.

ఈ పాటల భాష ఆదివాసీ ఒడియా కావడంతో వాటికి రాష్ట్ర సరిహద్దు అడ్డురాలేదు. కోరాపుట్‌లో తీసిన పాట అరకు పెళ్లిలో మోగుతోంది, ముంచంగిపుట్టులో కట్టిన పాట జయపురం సంతలో వినిపిస్తోంది. 1936లో రెండు రాష్ట్రాల కిందికి పోయిన ప్రేక్షకులు రెండువైపుల నుంచీ ఒకే పాటను చూస్తున్నారు.